నెలలు నిండకుండా పుట్టిన పాప, చాలీచాలని పాలు: అక్కకు మీరు ఏం చేయగలరు

మీరు రాసినదాంట్లో ముఖ్యమైన సంగతులు ఇవి. అక్కకు 30వ వారంలో ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. పాప బరువు 1,200 గ్రాములు, ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉంది. ట్యూబ్ ద్వారా 2 గంటలకోసారి 5 మిల్లీలీటర్ల పాలు పోస్తున్నారు. ఇవాళ ఆరో రోజు. అక్క రోజుకు నాలుగైదు సార్లు పాలు పిండితే అన్నీ కలిపి 60 మి.లీ. వస్తున్నాయి. ఇంట్లో ఒకరు "పాలు పడలేదు, డబ్బాపాలు పట్టమనండి, ఎందుకీ యాతన" అంటున్నారు. ఇంకొకరు "బాగా తింటే అవే వస్తాయి" అంటున్నారు. అక్క ఏడుస్తోంది. ఇంత కష్టపడటం అవసరమా, అవసరమైతే మేమేం చేయాలి అన్నది మీ ప్రశ్న.

నెలలు నిండని పిల్లల వార్డులో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు అలాంటి పిల్లల తల్లులకు పాల విషయంలో సాయం చేస్తుంటాను. ముందు ఒక లెక్క చూద్దాం. 2 గంటలకు 5 మి.లీ. అంటే రోజుకు 12 సార్లు, మొత్తం 60 మి.లీ. అక్కకు వస్తున్నవీ 60. అంటే ఇవాళ్టికి పాపకు కావలసిన పాలన్నీ అక్క దగ్గరే ఉన్నాయి. "చాలట్లేదు" అన్న మాట ఇంట్లో ఎలా పుట్టిందో ఊహించగలను. సీసా అడుగున కాసిని పాలు కనిపిస్తే, నెలలు నిండి పుట్టిన పిల్లలు తాగే పాలతో పోల్చి చూస్తారు. ఈ లెక్క అక్కకు ఇవాళే చెప్పండి. వారం నుంచి ఆమె వింటున్న మాటల్లో ఇదొక్కటే ఆమెకు పనికొచ్చేది కావచ్చు.

అలాగని నిశ్చింతగా కూర్చోమని కాదు. పాప పొట్ట తట్టుకునేకొద్దీ ట్యూబ్ పాలు పెంచుతూ పోతారు. మామూలుగా కిలో బరువుకు రోజుకు 150 నుంచి 180 మి.లీ. దాకా తీసుకెళ్తారు. 1,200 గ్రాముల పాపకైతే అది 180 నుంచి 216 మి.లీ. బరువు పెరిగితే ఇంకా కావాలి. ఆ వేగాన్ని అక్క పాలు అందుకోవాలంటే రాబోయే వారం, పది రోజులు చాలా కీలకం. ఈ పది రోజుల్లో అక్క చుట్టూ ఉన్నవాళ్లు ఎలా నడుచుకుంటారన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. బాలింత చుట్టూ సలహాలు ఇచ్చేవాళ్లు ఎక్కువ, పని అందుకునేవాళ్లు తక్కువ. మీరు రెండో రకం అవ్వండి. ఎలాగో చెబుతాను.

ముందు, ఇంత కష్టం అవసరమా అన్న ప్రశ్న. అవసరమే. నెలలు నిండి, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు తల్లిపాలు మంచి ఆహారం. 30 వారాలకు పుట్టిన బిడ్డకు అవి ఆహారమే కాదు, మందు కూడా. ఈ పిల్లల పేగులు ఇంకా తయారవుతున్న దశలో ఉంటాయి. పేగు లోపలి పొర పలచగా ఉంటుంది, రోగక్రిములను అడ్డుకునే శక్తి తక్కువ. ఎన్‌ఈసీ అని ఒక జబ్బు ఉంది. పేగు వాచి, ఒక్కోసారి కుళ్లిపోయి, ఆపరేషన్ దాకా, ప్రాణం దాకా వస్తుంది. వార్డులో మేం అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీనికే. 1990లో బ్రిటన్‌లో 926 మంది నెలలు నిండని పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. తల్లిపాలు మాత్రమే తాగినవాళ్లతో పోలిస్తే ఫార్ములా, అంటే డబ్బాపాలు మాత్రమే తాగిన పిల్లల్లో ఈ జబ్బు 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది, మీ అక్కకు అదే ముఖ్యం. ఫార్ములాతో పాటు కొంత తల్లిపాలు కూడా తాగిన పిల్లలు, ఫార్ములా మాత్రమే తాగినవాళ్లకన్నా చాలా మెరుగ్గా ఉన్నారు. అంటే ఇస్తే పూర్తిగా ఇవ్వాలి, లేకపోతే దండగ అన్న మాట తప్పు.

రక్తంలో ఇన్ఫెక్షన్ సంగతీ అంతే. దాన్ని సెప్సిస్ అంటారు. 2013లో షికాగో నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 1,500 గ్రాములకన్నా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను చూశారు. మొదటి 28 రోజుల్లో తల్లిపాలు సగటున కిలోకు రోజుకు 10 మి.లీ. పెరిగిన ప్రతిసారీ సెప్సిస్ వచ్చే అవకాశం 19 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. మీ పాప బరువుకు 10 మి.లీ. లెక్క వేస్తే 12 మి.లీ. అక్క ఒక పూట పిండి, "ఇంతేనా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్న పాలు అంతే ఉంటాయి కదా. ఆ అంతేనా అనుకునేదానికి ఉన్న విలువ అది.

నెలలు నిండకుండా కన్న తల్లి పాలు, నెలలు నిండాక కన్న తల్లి పాలలా ఉండవు. మొదటి కొన్ని వారాల్లో వాటిలో ప్రొటీన్, సోడియం ఎక్కువగా ఉంటాయి, రక్షణ ఇచ్చే పదార్థాలూ ఎక్కువే. ముర్రుపాలలో ఉండే ఐజీఏ అనే యాంటీబాడీ పేగు లోపలి గోడకు పూత పూసినట్టు అంటుకుని క్రిములను నిలవనివ్వదు. పాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. అరగనివి ఎందుకు ఉన్నాయా అని చాలాకాలం అర్థం కాలేదు. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులో పెరగాల్సిన మంచి బ్యాక్టీరియాకు ఆహారం. ఇంకో సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తల్లి ఎన్‌ఐసీయూలో కూర్చుని బిడ్డను తాకుతూ ఉంటే, అక్కడి క్రిములు ఆమె ఒంట్లోకీ చేరతాయి. వాటికి తగ్గ యాంటీబాడీలు తయారై పాలలోకి వస్తాయి. అక్క వార్డులో గడిపే సమయం పాపను చూసుకోవడానికి మాత్రమే కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

తల్లిపాలు ఇస్తే చాలు, ఏ జబ్బూ రాదని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇంత చిన్న పిల్లలు పెరగడానికి కావలసిన ప్రొటీన్, కాల్షియం, ఫాస్ఫరస్ తల్లిపాలలో ఉన్నవి సరిపోవు కూడా. కడుపులో ఉంటే చివరి 3 నెలల్లో తల్లి నుంచి అందాల్సినవి ఇప్పుడు పాల ద్వారానే అందాలి మరి. అందుకే 1,500 గ్రాములలోపు పిల్లలకు పిండిన పాలలో ఫార్టిఫయర్ అనే పొడి కలుపుతారు. రేపో ఎల్లుండో డాక్టర్ అది కలపాలని చెబితే, అక్క "నా పాలలో బలం లేదట" అని కుంగిపోకుండా ముందే ఈ సంగతి చెప్పి ఉంచండి. వార్డులో చాలామంది తల్లులు ఈ ఒక్క మాట దగ్గరే చేతులెత్తేస్తారు.

ఇక పాలు ఎందుకు ఆలస్యమయ్యాయో చూద్దాం. పాలు తయారు చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ గర్భిణిగా ఉన్నప్పుడే ఒంట్లో ఉంటుంది. మాయ నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ దాన్ని అడ్డుకుంటూ ఉంటుంది. కాన్పులో మాయ బయటికి వచ్చాక ఆ అడ్డు తొలగి, రెండు మూడు రోజుల్లో పాలు ఒక్కసారిగా పెరుగుతాయి. దీన్నే మనం పాలు పడటం అంటాం. నెలలు నిండకముందే కాన్పయితే రొమ్ము ఇంకా పూర్తిగా సిద్ధమై ఉండదు. ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం. షుగర్ ఉన్నా, బరువు ఎక్కువున్నా, కాన్పులో రక్తం బాగా పోయినా ఆలస్యమే. వీటన్నిటికన్నా పెద్ద లోటు, చప్పరించే బిడ్డ పక్కన లేకపోవడం. కాబట్టి ఆరో రోజుకు 60 మి.లీ. అంటే అక్కకు పాలు లేవని కాదు. రొమ్ముకు అందాల్సిన సంకేతం అందడం లేదని. రోజుకు నాలుగైదు సార్లు పిండితే రొమ్ముకు చేరే కబురు ఒక్కటే: ఈ బిడ్డకు ఇన్ని పాలు చాలు.

ఆ కబురు మార్చాలి. 24 గంటల్లో 8 సార్లకు తగ్గకుండా పిండాలి, 10 సార్లయితే ఇంకా మంచిది. గడియారం పెట్టుకుని సరిగ్గా 3 గంటలకోసారి అని బిగుసుకోనక్కర్లేదు. పొద్దున గంటన్నరకోసారి రెండు మూడు సార్లు పిండి, మధ్యాహ్నం కాస్త ఎడం ఇచ్చినా పర్వాలేదు, రోజు మొత్తం మీద లెక్క తప్పకుండా చూసుకోవాలి. రాత్రి మాత్రం 4, 5 గంటలకు మించి ఎడం వద్దు. ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది, అందుకే అర్ధరాత్రి దాటాక ఒకసారి పిండటం వృథా పోదు. పాలు రొమ్ములో నిలిచిపోతే, తయారీ తగ్గించమని ఆ నిలిచిన పాలే చెబుతాయి. ఎంతసేపు పిండామన్నదానికన్నా ఎన్నిసార్లు పిండామన్నదే ముఖ్యం. ఒక్కోసారి పావుగంట చాలు. పాలు బాగా పడ్డాక చుక్కలు ఆగాక ఇంకో రెండు నిమిషాలు కొనసాగించాలి.

పంపు ఒక్కదాని మీదే ఆధారపడకండి. మొదటి రోజుల్లో ముర్రుపాలు చిక్కగా, కొద్దిగా ఉంటాయి, పంపు గొట్టాలకే అంటుకుపోతాయి. చేత్తో పిండితే ఎక్కువ చేతికొస్తాయి. పాలు పెరిగాక పంపుతో పాటు చేతులు కూడా వాడాలి. ముందు రొమ్మును మెల్లగా నిమరాలి, పంపు నడుస్తుండగా గట్టిగా ఉన్నచోట నొక్కాలి, పంపు తీశాక ఒక నిమిషం చేత్తో పిండాలి. 2009లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నెలలు నిండని పిల్లల తల్లులతోనే ఈ పద్ధతి పరీక్షించి చూశారు. పంపుతో పాటు చేతులు వాడటం మొదలుపెట్టాక పాలు బాగా పెరిగాయి. చేత్తో పిండేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం అంచున పెట్టి, ముందు లోపలికి ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తేవాలి. చనుమొనను లాగకూడదు. చర్మం మీద వేళ్లు జారకూడదు. నొప్పి పుడితే పద్ధతి ఎక్కడో తప్పుతోందని అర్థం. వార్డు నర్సును పక్కన ఉండి ఒకసారి చూడమనండి.

పంపు విషయంలో రెండు మాటలే. రెండు వైపులా ఒకేసారి పిండే కరెంటు పంపు దొరికితే సమయం సగం కలిసొస్తుంది. చాలా ఆసుపత్రుల్లో వార్డులోనే ఒకటి ఉంటుంది, అడగాలి. చనుమొన మీద పెట్టే గరాటు సైజు సరిపోకపోతే పాలు రావు, పైగా పుండు పడుతుంది. పంపుతో వచ్చిన సైజే అందరికీ సరిపోదు. చనుమొన గరాటు గోడలకు రాసుకోకుండా ముందుకీ వెనక్కీ కదలాలి.

లక్ష్యం చెప్పమంటారా? 14వ రోజుకల్లా రోజుకు 500 మి.లీ. దరిదాపులకు చేరితే, పాప ఇంటికి వచ్చేదాకా ఇబ్బంది ఉండదు. పాపకు ఇప్పుడు అన్ని పాలు అక్కర్లేదు. అయినా రొమ్ము ఎంత ఇవ్వగలదన్నది ఎక్కువగా ఈ మొదటి వారాల్లోనే స్థిరపడుతుంది, తర్వాత పెంచడం కష్టం. మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. అయితే ఈ 500 అనే అంకె మీ దగ్గరే ఉంచుకోండి, అక్కతో అనకండి. ఆమెకు చెప్పాల్సిన అంకె 8, అంటే ఎన్నిసార్లు పిండాలన్నది. అది ఆమె చేతిలో ఉంది. ఎన్ని మి.లీ. వస్తాయన్నది ఆమె చేతిలో లేదు.

ఇప్పుడు మీ పని. 8 సార్లు అంటే వినడానికి చిన్న మాటే. ఒక్కోసారి పిండటానికి ముందు చేతులు కడుక్కోవడం, సర్దుకోవడం, పిండటం, సీసా మీద పేరు, తేదీ, టైము రాయడం, పంపు భాగాలు కడిగి మరిగించి ఆరబెట్టడం, పాలు వార్డుకు చేర్చడం, అన్నీ కలిపి దాదాపు ముప్పావుగంట పడుతుంది. రోజుకు 6 గంటలు. కడుపు మీద కుట్లతో, నిద్ర లేకుండా, బిడ్డ ఎలా ఉందో తెలియని టెన్షన్‌తో. ఇందులో పాలు పిండటం ఒక్కటే అక్క చేయాల్సిన పని. మిగతాదంతా ఎవరైనా చేయొచ్చు. కడగడం ఒకరు తీసుకోండి. రాత్రి అలారం బావగారు పెట్టుకుని, అక్కను లేపి, పక్కన కూర్చుని, పని అయ్యాక సీసా ఫ్రిజ్‌లో పెట్టి, ఆమెను మళ్లీ పడుకోబెట్టాలి. ఆమె లేచేది 20 నిమిషాలకే అయితే నిద్ర మళ్లీ పడుతుంది. ముప్పావుగంట అయితే ఇక పట్టదు. పంపు భాగాలు ఇంకో సెట్ దొరికితే తీసుకోండి, రాత్రి కడిగే పని తప్పుతుంది.

ఫోన్ కూడా ఎవరో ఒకరు పట్టుకోవాలి. పాప ఎలా ఉందని అడిగే చుట్టాలందరికీ అక్క జవాబు చెప్పక్కర్లేదు. రోజుకోసారి మీరే ఒక మెసేజ్ పెట్టేయండి. చూడటానికి వచ్చేవాళ్లను గుమ్మం దగ్గరే మీరు పలకరించి పంపినా తప్పేమీ కాదు, కావాలంటే ఆ మాట నా మీద పెట్టండి.

కొన్ని మాటలు ఇంట్లో ఆపేయాలి. "ఎన్ని వచ్చాయి?" అన్నది మొదటిది. ప్రేమతోనే అడుగుతారు, కానీ రోజుకు ఎనిమిది సార్లు పరీక్ష రాసి ఎనిమిది సార్లు మార్కులు చెప్పాల్సి వస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది? పిండుతున్నప్పుడు ఆమె కూడా సీసా వైపే చూస్తూ కూర్చోకుండా దాని మీద ఒక గుడ్డ వేసేయమనండి. పాలు చేపుకు రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కావాలి, భయం, సిగ్గు, నొప్పి దాన్ని అడ్డుకుంటాయి. పాలు తయారై ఉన్నా బయటికి రావు. అందుకే డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు ఓర్చుకుంటాలే అని మానేయనివ్వకండి. పాలిచ్చే తల్లికి ఏవి పనికొస్తాయో చూసే రాస్తారు. అనుమానం ఉంటే అడిగి తీసుకోవాలి, మానేయకూడదు. తిండి విషయానికొస్తే, ఆకలి తీరేదాకా తినాలి, దాహం తీరేదాకా తాగాలి. ఫలానాది తింటే పాలు పొంగుతాయని బలవంతంగా తినిపించడం వల్ల ఒరిగేది లేదు, నచ్చి తింటే నష్టమూ లేదు. పాలు పెంచే మాత్రలు కొన్ని ఉన్నాయి. వాటిలో గుండె లయను దెబ్బతీసే అవకాశం ఉన్నవీ ఉన్నాయి. ఎన్నిసార్లు, ఎలా పిండుతున్నారో సరిచూసుకోకుండా నేరుగా మాత్రల జోలికి వెళ్లొద్దు, డాక్టర్ లేకుండా అసలే వద్దు.

పాలు పెంచే మందు ఏదైనా ఉందంటే అది కంగారూ కేర్ అని నేను అంటాను. బిడ్డకు డయపర్, టోపీ మాత్రమే ఉంచి, తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పడుకోబెట్టి, పైన గుడ్డతో కట్టడం. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. చాలాకాలం దీన్ని పేద దేశాల సర్దుబాటుగానే చూశారు. 2021లో ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో చేసిన పెద్ద అధ్యయనం వచ్చాక ఆ చూపు మారింది. 1 కిలో నుంచి 1.8 కిలోల మధ్య బరువున్న పిల్లలను పుట్టిన వెంటనే కంగారూ కేర్‌లో ఉంచినప్పుడు మొదటి 28 రోజుల్లో మరణాలు 12 శాతం. నిలకడ వచ్చాక మొదలుపెట్టినవాళ్లలో 15.7 శాతం. మీ పాప బరువు సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు, పుట్టిన వెంటనే మొదలుపెట్టమని సిఫార్సు చేసింది.

మీ ఉత్తరంలో కంగారూ కేర్ మాట ఎక్కడా లేదు. ట్యూబ్ ఉందనో, ముక్కుకు ఆక్సిజన్ ఉందనో మొదలుపెట్టలేదేమో. ట్యూబ్ అడ్డు కాదు. శ్వాసకు సాయం ఉన్నా చాలామంది పిల్లలకు చేయొచ్చు. "మా పాపకు కంగారూ కేర్ ఎప్పటి నుంచి చేయొచ్చు? ఇప్పుడే వద్దంటే ఏ కారణంతో?" అని రేపు రౌండ్స్‌లో డాక్టర్‌ని అడగండి. అక్క అలసిపోతే బావగారు చేయొచ్చు, మీరూ చేయొచ్చు. పాప ఛాతీ మీద ఉండి లేచిన వెంటనే పిండితే పాలు తేలిగ్గా వస్తాయి. ఇంటికి వచ్చాక పిండేటప్పుడు పాప కింద పరిచిన గుడ్డ దగ్గర పెట్టుకున్నా, ఫోన్‌లో పాప వీడియో చూసినా కొంత తేడా ఉంటుంది.

వార్డులో అడగాల్సినవి ఇంకా రెండు ఉన్నాయి. తాజాగా పిండిన పాలు ముందు వాడుతున్నారా, ఫ్రీజర్‌లోవి వాడుతున్నారా? తాజావే మేలు, ఎందుకంటే గడ్డకట్టిస్తే పాలలోని జీవకణాలు చచ్చిపోతాయి. రెండోది, ముర్రుపాలు మిగిలి ఉంటే ఒకటి రెండు చుక్కలు పాప బుగ్గల లోపల రాస్తున్నారా? ట్యూబ్ పాలు నోటిని తాకకుండానే పొట్టలోకి వెళ్లిపోతాయి, ఈ చుక్కలతో ఆ రక్షణ నోటికీ అందుతుంది. ఆ పని అక్కతోనే చేయించమనండి. బిడ్డ కోసం తను చేయగలిగింది ఒకటి ఉందని ఆమెకు తెలియాలి.

పాలు భద్రపరచడం గురించి వార్డువాళ్లు చెప్పిన నియమమే పాటించండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మామూలుగా ఫ్రిజ్‌లో 4 రోజులు అని చెప్పేది ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు చాలాచోట్ల 2 రోజులే. తలుపు దగ్గర కాకుండా లోపలి అరలో పెట్టాలి. ఒకసారి కరిగించినవి ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లోపు వాడాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్ వద్దు.

పాపకు ఇచ్చే పాలు పెరిగి, అక్క పాలు కొన్నాళ్లు వెనకబడితే ఏం చేయాలి? పాల బ్యాంకు ఉంటే దాతల పాలు. పరీక్షలు చేసిన తల్లుల నుంచి తీసుకుని, 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేసి ఇస్తారు. వియన్నాలో 1909లో మొదటి పాల బ్యాంకు మొదలైంది, కొత్త సంగతేమీ కాదు. వేడి చేయడం వల్ల రక్షణ గుణం కొంత పోతుంది, అయినా ఎన్‌ఈసీ విషయంలో ఫార్ములా కన్నా మెరుగే. తెలిసినవాళ్లెవరో పాలిస్తామంటే, ఎంత మంచి మనసుతో అన్నా, పరీక్షలు లేకుండా తీసుకోకండి. కొన్ని ఇన్ఫెక్షన్లు పాల ద్వారా వస్తాయి. దాతల పాలు దొరక్కపోతే నెలలు నిండని పిల్లల కోసం చేసిన ఫార్ములా ఉంది, డాక్టర్ చెప్పిన కొలతలో ఇస్తారు. అది వాడాల్సి వస్తే అక్క ఓడిపోయినట్టు కాదు. క్యాన్సర్ మందుల వంటి కారణాలతో పాలివ్వలేని తల్లులు, ఎంత చేసినా పాలు పెరగని తల్లులు ఉంటారు. వాళ్ల పిల్లలు కూడా బాగా పెరిగి ఇంటికి వెళ్లడం చూస్తూనే ఉన్నాను.

తల్లిపాల గురించి పనిచేసే మా వాళ్లతో నాకు ఒక పేచీ ఉంది. "ప్రతి చుక్కా అమృతమే" అని గోడల మీద రాసిపెడతారు. మాట నిజమే, కానీ నిద్రలేక తూలిపోతున్న తల్లికి అది కొరడా దెబ్బలా తగులుతుంది. నెలలు నిండకుండా కన్న తల్లి మనసులో ముందే ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది, నా ఒళ్లే బిడ్డను మోయలేకపోయిందని. ఇప్పుడు పాలు కూడా ఇవ్వలేకపోతున్నానన్నది దానికి తోడవుతుంది. ముందుగా కాన్పు రావడం ఆమె తప్పు కాదని డాక్టర్ నోటితో చెప్పించండి. ఇంట్లోవాళ్లు వంద సార్లు చెప్పినా ఎక్కనిది, డాక్టర్ ఒక్కసారి చెబితే ఎక్కుతుంది. ప్రపంచంలో పుట్టే ప్రతి పది మంది పిల్లల్లో ఒకరు 37 వారాలు నిండకుండానే పుడుతున్నారు. చాలాసార్లు కారణం ఎవరికీ తెలియదు.

ఏడుపు మొదటి రోజుల్లో మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, పాప నిద్రపోతున్నప్పుడు కూడా ఆమెకు నిద్ర పట్టకపోయినా, పాపను చూడటానికే వెళ్లనంటున్నా, వార్డు మెషీన్ల చప్పుడు కల్లోకి వచ్చి ఉలిక్కిపడుతున్నా మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. చచ్చిపోవాలనుంది, బిడ్డకు నేను లేకపోతేనే మంచిది లాంటి మాట వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఇలాంటి తల్లుల్లో డిప్రెషన్ మామూలు కన్నా ఎక్కువ. పాలిస్తూ వాడుకోదగ్గ మందులు ఉన్నాయి. బావగారిని కూడా ఒక కంట కనిపెట్టండి, తండ్రులు బయటపడరు. ఏదో ఒక దశలో అక్క "ఇక ఇన్నిసార్లు నా వల్ల కాదు" అంటే, 8 సార్లను 5 చేసి పూర్తి రాత్రి నిద్రపోనివ్వండి. పాలు కొంత తగ్గుతాయి, తగ్గనివ్వండి. రెండు నెలలు నడవాల్సిన పని ఇది, రెండో వారంలోనే మనిషి పడిపోకూడదు.

రొమ్ము పట్టడం గురించి ఇప్పుడే కంగారు వద్దు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం, ఈ మూడూ జతగా చేయడం పిల్లలకు 32 నుంచి 34 వారాల మధ్య మెల్లగా అలవడుతుంది. ఈలోపు పాలు పిండేసిన రొమ్ము దగ్గర పాపను ఉంచి, నాకినా, వాసన చూసినా, చప్పరించినా చేయనివ్వొచ్చు. మొదట్లో ఒకటి రెండు గుక్కలు తాగి నిద్రపోతారు, అది మొండితనం కాదు, బలం చాలక.

ఇంటికి వచ్చాక చాలామంది పంపు పక్కన పడేస్తారు, అదే వారంలో పాలు తగ్గుతాయి. నెలలు నిండని పిల్లలు రొమ్మును పూర్తిగా ఖాళీ చేయలేరు. పాప తన అసలు కాన్పు తేదీ దాటి, బలంగా తాగుతూ, బరువు నిలకడగా పెరిగేదాకా, రొమ్ము పట్టిన తర్వాత పిండటం కొనసాగించి, అప్పుడు ఒక్కో పూటా తగ్గించుకుంటూ రావాలి. ఏడ్చినప్పుడే పాలు పట్టొచ్చని ఎదురుచూడొద్దు, ఈ పిల్లలు ఆకలేసినా నిద్రపోతూనే ఉంటారు. డిశ్చార్జ్ రోజున చెప్పిన గంటల ప్రకారం లేపి పట్టాలి. ఐరన్, విటమిన్ డి చుక్కలు రాసిస్తారు, తల్లిపాలు తాగుతున్నా అవి వేయాలి. పాప ఒళ్లు చల్లబడినా, పాలు వదిలేసినా, పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చగా కక్కినా, మలంలో రక్తం కనిపించినా, ఊపిరి ఆగి ఆగి తీసుకుంటున్నా వెంటనే ఆసుపత్రికి. అక్కకు రొమ్ములో ఒకచోట ఎర్రగా, గట్టిగా అయి జ్వరం వస్తే డాక్టర్‌కు చూపించాలి. ఆ వైపు పాలు తీయడం ఆపకూడదు, తాగించవచ్చా అన్నది మాత్రం ఇంత చిన్న పాప కాబట్టి పిల్లల డాక్టర్‌ని అడిగి చేయండి.